ఆకురాయి చప్పుడు

ఆత్మకూరులో రెండు ఆటోలు రాసుకున్నాయి. ఆ తగువు ఫోన్లలో పడి మా ఉదయగిరి చేరేసరికి రెండు మతాల తగువు అయి కూర్చుంది. మంగళవారం పొద్దునకల్లా, చెక్క గరిటెలు చేసే మా వీధిలో ఏడిళ్లలో ఆరిళ్లకు తాళాలు పడ్డాయి. అందరూ సీతారామపురంలో చుట్టాల దగ్గరికి పోయారు. నేను పోలేదు. ధైర్యం ఎక్కువై కాదు, మొండితనం. నా ఇల్లు వదిలి నేనెందుకు పోవాలి?

నాతో మిగిలింది తమ్ముడు వహాబ్. నాకే ముక్కుమీద కోపం, వాడికి నాకంటే పిడికెడు ఎక్కువ. చెక్క చెక్కే బాడిశను ఒళ్లో పెట్టుకుని పొద్దుట్నుంచి గుమ్మంలోనే కూర్చున్నాడు.

"ఎవుడన్నా రానీ ఆపా, నరికేస్తా," అన్నాడు.

బయటి గుంపుకంటే నాకు వాడంటేనే భయం వేసింది. వాడు ఒక్క దెబ్బ వేస్తే వాడు మిగలడు. ఆ తర్వాత వీధీ మిగలదు.

"బాడిశ అవతల పెట్టి ఆకురాయి పట్టుకో, జరీనా చెప్పినట్టు," అన్నాను. కోపమొచ్చినప్పుడు నన్ను నేనే పేరు పెట్టి చెప్పుకుంటాను, అదొక అలవాటు.

గరిటెను ఆకురాయితో నునుపు చేయడానికి మా అమ్మ ఒక పద్ధతి నేర్పింది. ఊపిరి వదిలేటప్పుడే చెయ్యి ముందుకు పోవాలి, పీల్చేటప్పుడు ఆగాలి. కోపంతో ఊపిరి బిగబట్టి రుద్దితే గరిటె మెడ పుటుక్కున విరుగుతుంది. వహాబ్ గొణుక్కుంటూనే వచ్చి కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంచి ఇద్దరం రుద్దడం మొదలుపెట్టాం.

మిట్టమధ్యాహ్నం గుంపు వచ్చింది. ముప్పైమంది దాకా ఉంటారు. ముందు నడుస్తున్నది సురేంద్రబాబు, బస్టాండు దగ్గర మా గరిటెలు అమ్మే కొట్టాయన. చేతిలో రాయి ఉంది. ఎన్నోసార్లు మా ఇంట్లో టీ తాగిన మనిషి, నన్ను ఎరగనట్టు చూశాడు.

అప్పుడు పక్కింట్లోంచి ఆకురాయి చప్పుడు వినిపించింది. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. తర్వాత ఎదురింట్లోంచి వచ్చింది, తర్వాత వీధంతా. నా చెయ్యి ముందుకు పోతే అన్ని ఇళ్లలోనూ చప్పుడు. నేను ఆగితే అదీ ఆగుతోంది. గుంపు ఎక్కడిదక్కడ నిలబడిపోయింది.

రాయి వచ్చి నా కణతకు తగిలింది. నా చెయ్యి ఆగింది, వీధంతా ఆగింది. ఆ నిశ్శబ్దంలో వహాబ్ బాడిశ అందుకున్నాడు. అబద్ధమెందుకు, నాకూ అదే అందుకోవాలనిపించింది. వాడి మణికట్టు పట్టుకున్నాను. నా నెత్తురు వాడి చేతిమీద పడింది.

"ఊపిరి వదలరా," అన్నాను.

చాలాసేపటికి వదిలాడు. నేను మళ్లీ రుద్దాను. తాళాలు వేసిన ఇళ్లన్నీ రుద్దాయి.

గుంపులో ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. ఎవరూ పరుగెత్తలేదు.

సాయంత్రం సురేంద్రబాబు ఒక్కడే వచ్చాడు. పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"అది ఆపు అక్కా," అన్నాడు. "కొట్లో కూర్చున్నా వినిపిస్తానే ఉండాది. ఇంటికి పోయినా గోడలోంచి వస్తా ఉండాది. మా ఆడోళ్లకేమో వినపడదంట."

"మేం ఆపి రెండు గంటలైనాది," అన్నాను.

అతను నా కణత మీది గుడ్డకట్టు చూసి తల దించుకున్నాడు. "రాయి ఏసింది నేనే."

"చూసినాను."

తిట్లు నోటిదాకా వచ్చాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాటిని మింగి, మా అమ్మ ఆకురాయీ సగం చేసిన గరిటే అతని చేతికిచ్చాను. "కూర్చో. ఊపిరి వదుల్తా రుద్దు."

ఇన్నేళ్లూ గరిటెలు అమ్మాడే గానీ ఒక్కటీ చేసి ఎరగడు. మొదటిదాని మెడ విరిగింది. రెండోదీ విరిగింది. అప్పుడు వహాబ్ వెళ్లి పక్కన కూర్చుని అతని మణికట్టు పట్టుకున్నాడు. "నిదానంగా వదులన్నా," అన్నాడు. మూడోది నిలిచింది.

సురేంద్రబాబు చెయ్యి ఆపి చెవులొగ్గి విన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఆగిందా?" అని అడిగాను.

"నాకు ఆగింది. మిగతావాళ్లు బయట ఉండారక్కా."

గుమ్మంలోకి వెళ్లి చూశాను. మధ్యాహ్నం వచ్చినవాళ్లంతా చెవులు మూసుకుని వరసగా నిలబడి ఉన్నారు. నా వెనక వహాబ్ బాడిశ తీసిన అలికిడైంది.

వాడు చెక్క మొద్దును ముందుకు లాక్కుని, ముప్పై గరిటెలకు ముక్కలు కొట్టడం మొదలుపెట్టాడు.