నుదుటి మీద చెయ్యి

“దాని గొంతు విన్నారా? బొంగురుపోలేదూ?”

“అది ఇంకా నోరే విప్పలేదు కదే,” అన్నాడు భర్త, గోడవైపు తిరిగి పడుకునే.

“నిద్రలో మూలిగింది. ఆ మూలుగు వేరేగా ఉంది.”

“మూలుగులో కూడా రకాలు కనిపెట్టావా తల్లీ! ఈ ఇంట్లో ఆవలించాలన్నా నీకు ముందు అర్జీ పెట్టుకోవాలి.”

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లింది. పొయ్యి మీద గిన్నెలో ముగ్గురి మాస్కులూ మరుగుతున్నాయి. గిన్నె దించి, పొగలు కక్కుతున్న నీళ్లలోనే చెయ్యి పెట్టి, ఒక్కొక్కటే తీసి గట్టిగా పిండి, కిటికీకి కట్టిన తాడు మీద ఆరేసింది. పట్టకారుతో తీయొచ్చు కదా అని భర్త చాలాసార్లు అన్నాడు. వేడి మీద ఉండగానే పిండకపోతే జబ్బు గుడ్డలోనే ఉండిపోతుందని ఆమె నమ్మకం. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె భయాలు చాలావరకు ఆమె సొంతంగా సంపాదించుకున్నవే.

ఒక్క భయం మాత్రం పుట్టింటి నుంచి వచ్చింది. చిన్నప్పుడు తమ్ముడికి జ్వరం వస్తే, పొద్దున్నకి తగ్గిపోతుందిలే అని పెద్దవాళ్లు పడుకున్నారు. పొద్దున్నకి ఒళ్లు చల్లబడింది. మళ్లీ వెచ్చబడలేదు. అప్పటి నుంచి ఆమె ఎవర్ని పలకరించినా ముందు చెయ్యి నుదుటి మీదికి పోతుంది, ఆ తర్వాతే నోట్లోంచి మాట వస్తుంది. ఆమె ఆయాగా పనిచేసే స్కూల్లో పసిపిల్లలు ఆమెను చెయ్యాయమ్మ అంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

కూతురు లేచి వచ్చింది. అదే స్కూల్లో పెద్ద తరగతి పిల్ల. చేతిలో లెక్కల పుస్తకం, ఒంటి మీద ఇంకా దుప్పటి. ఈసారి చలికాలంలోనే పెట్టేసిన సంవత్సరం చివరి పరీక్ష ఆ రోజే. రాయనివాళ్లు మళ్లీ అదే తరగతిలో కూర్చోవాలని, జబ్బు పేరు చెప్పినా మరో పరీక్ష పెట్టేది లేదని పెద్ద టీచరు ముందే చెప్పింది.

ఆమె చెయ్యి తుడుచుకుని పిల్ల నుదుటి మీద పెట్టింది. చల్లగానే తగిలింది. తీయబోతుంటే పిల్ల ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, కళ్లు మూసుకుని కాసేపు అలాగే నిలబడింది. ఈ వయసు వచ్చాక పిల్ల అలా దగ్గరికి రావడం తగ్గిపోయింది. ఆమెకు లోపల ఎక్కడో మెత్తబడింది.

“ఏం లేదు. ఒళ్లు మంచులా ఉంది,” అంది.

అయినా ఆమె కళ్లు బీరువా మీదికి పోయాయి. అక్కడ పరీక్ష డబ్బా ఒకటి మిగిలి ఉంది. ముక్కులో పుల్ల తిప్పి ఇంట్లోనే చూసుకునేది. ఆ కళ్లు ఎటు పోయాయో పిల్ల కనిపెట్టింది.

“అమ్మా, ఇవాళ వద్దే. నీకు దణ్ణం పెడతాను. మళ్లీ అందరూ పుల్లమ్మ వచ్చింది, పుల్లమ్మ వచ్చింది అంటారు.”

ఆ పేరు ఊరికే రాలేదు. వానాకాలంలో ఒక తుమ్ముకు, ఆ తర్వాత ఒక తలనొప్పికి ఆమె పిల్లకు పుల్ల పెట్టించి, గదిలో కూర్చోబెట్టి, పాఠాలు పోగొట్టింది. రెండుసార్లూ ఏమీ లేదని తేలింది. తలనొప్పి అన్నం తినకపోవడం వల్ల వచ్చింది. ఇంట్లో ఉన్న గాజు జ్వరం పుల్ల కూడా ఆ రోజే, పాదరసం దిగలేదని గట్టిగా విదిలిస్తుంటే కుళాయికి తగిలి పగిలింది.

“దాని ముక్కును ముక్కులాగా ఉండనివ్వవే,” అన్నాడు భర్త దుప్పట్లోంచి.

ఆమె బీరువా జోలికి పోలేదు. పిల్లకు తల దువ్వింది, అన్నం డబ్బా సర్దింది, ఇంకా తడి ఆరని మాస్కు మూతికి కట్టింది. చాలా రోజుల తర్వాత ఒక పొద్దున అందరి తల్లుల్లాగే గడిచింది. నడుస్తుంటే ఆమెకు కాళ్లు తేలిగ్గా ఉన్నాయి.

స్కూలు గేటు ఇనపది. పక్కనే పనివాళ్లు వచ్చే చిన్న తలుపు. పిల్లలకు గేటు తెరవకముందే తల్లీకూతుళ్లు ఆ చిన్న తలుపులోంచి లోపలికి వెళ్లిపోతారు. జ్వరం చూసే మిషను అప్పటికి ఇంకా బల్ల సొరుగులోనే ఉంటుంది. అందుకే గేటు దాటే పిల్లలందరి నుదుళ్లకూ గురిపెట్టే ఆ మిషను ఆమె కూతురి నుదురు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, ఆమెకు కూడా.

గేటు తాత అప్పటికే వచ్చి ఉన్నాడు. పొడవాటి మనిషి, వంగి నడవడం వల్ల అంత పొడవు తెలియదు. చెవుల మీద నెరిసిన వెంట్రుకలు బుర్రమీసాల్లా ఉంటాయి. ఆ చెవులతో ఆయనకు పని తక్కువ. మనిషి పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. మాస్కులు వచ్చాక లోకం మొత్తం తనకు మూగదైపోయిందని మొదట్లో దిగులు పడ్డాడు. తర్వాత స్కూల్లో అందరికీ ఒక అలవాటైంది: తాతతో మాట్లాడాలంటే మాస్కు గడ్డం కిందికి లాగి, మాట్లాడి, మళ్లీ ఎక్కించుకోవడం. పెద్ద టీచరు అదే చేస్తుంది. పాల డబ్బాల మనిషీ అదే చేస్తాడు. తలుపు గొళ్లెం కూడా చీరకొంగుతో పట్టుకునే ఆయమ్మా అదే చేస్తుంది. అది మర్యాద అనుకున్నారు గాని, ప్రమాదమని ఎవరూ అనుకోలేదు.

“ఏం అమ్మాయ్, ఇవాళ ఎవరికి ఏం జబ్బు కనిపెట్టావు?”

ఆమె మాస్కు దించింది. “ఎవరికీ ఏం లేదు బాబాయ్. మీరే దగ్గుతున్నట్టున్నారు?”

“టీ అడ్డం పడింది. దానికీ పుల్ల పెడతావా ఏంటి?” అని తనే నవ్వి, ఇంకోసారి దగ్గాడు. పిల్లవైపు తిరిగాడు. “లెక్కలా ఇవాళ? రాసేసి రా. నా కుర్చీకి పట్టీ తెగింది, నువ్వొక కొస పట్టుకోవాలి.”

ఆ కుర్చీ ఆయన సొంత తయారీ. ఇనప చట్రానికి పాత సైకిలు ట్యూబులు చీల్చి అల్లినది. స్కూల్లో దాని కంటే మెత్తని ఆసనం పెద్ద టీచరుకు కూడా లేదని ఆయన గొప్ప.

గేటు తెరిచాక ఆమె పని మొదలైంది. పసిపిల్లలు వరసలో వచ్చి నుదురు పైకెత్తి నిలబడతారు. “కాల్చుకో ఆయమ్మా,” అంటాడొకడు రోజూ, మిషనును తుపాకీలా చూసి. ముట్టుకోకూడదని టీచర్లు చెప్పినా, మిషను ఎత్తేలోగా ఆమె ఎడమచెయ్యి వెనకవైపు ఒక్కసారి నుదుటికి తగిలి వచ్చేస్తుంది. చెయ్యి చెప్పిందే మిషనూ చెప్తే లోలోపల సంతోషపడుతుంది.

ఆ రోజు ఒక పాప దగ్గర చెయ్యి ఆగింది. మిషనూ కూసింది. పాప తల్లి ఆఫీసు బట్టల్లో ఉంది, అప్పుడే వీధి చివర బస్సు తిరుగుతోంది.

“ఏం లేదండీ, నిద్రలోంచి లేపి ఎత్తుకొచ్చాను. ఆ వేడే.”

“నిద్ర వేడి ఇలా ఉండదమ్మా. ఇంటికి తీసుకెళ్లి చూపించండి.”

“దీన్ని ఎవరి దగ్గర పెట్టను? మీ పిల్లైతే ఇలాగే వెనక్కి పంపేస్తారా?”

“రెండుసార్లు ఆపేశానమ్మా,” అంది ఆయా. అది నిజమే. పాప తల్లి పాపను చంకనేసుకుని, వెళ్లిపోతున్న బస్సును చూస్తూ నిలబడింది.

తర్వాత రోజూ ఉండేవే. ముక్కులు తుడవడం, ఆ తుడిచిన కాగితాలు మూత డబ్బాలో వేయడం, చేతులు కడిగించడం, ఒకరి డబ్బాలో ఇంకొకరు చెయ్యి పెడితే విడదీయడం. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక నేల తుడిచింది. పైన పెద్ద తరగతుల నుంచి చప్పుడు లేదు. పరీక్ష జరుగుతోంది. ఒకసారి ఎవరో దగ్గారు. ఆమె గుడ్డ పట్టుకుని ఆగి విన్నది. అది మగపిల్లాడి దగ్గు. మళ్లీ తుడిచింది.

సాయంత్రానికి వాన పట్టుకుంది. పసిపిల్లలు వెళ్లిపోయారు. వాళ్లు పాలు తాగిన గ్లాసులన్నీ వెనక కుళాయి కింద తోమి, వేళ్లు కొంకర్లు పోతుంటే కొంగులో చుట్టుకుని గేటు గదికి వచ్చింది. జల్లు కొడుతోందని తాత తలుపు మూసి ఉంచాడు. లోపల కూతురు కింద కూర్చుని ట్యూబు పట్టీ కొస రెండు చేతులతో పట్టుకుని ఉంది. తాత రెండో కొసను చట్రం చుట్టూ తిప్పి లాగుతున్నాడు. ఇద్దరి మాస్కులూ గడ్డాల కింద ఉన్నాయి.

“గట్టిగా పట్టుకోవే. అన్నం తిన్లేదా?”

“తిన్నాను తాతా. చేతులు లాగేస్తున్నాయి.”

“నాలుగు లెక్కలు చేసినందుకే! నేను అరవై ఏళ్లుగా ఈ గేటు లాగుతున్నాను.”

“అరవై ఏళ్లా? స్కూలుకే అన్నేళ్లు లేవు.”

తాత పిల్ల పెదాలు చూసి పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

“ఎలా రాశావే?” అంటూ ఆయా వంగి, అలవాటుగా పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి, కాలినట్టు తీసేసింది. తన చెయ్యి చల్లగా ఉంది గనక అలా తగిలిందేమో అనుకుంది. రెండు చేతులూ రుద్దుకుని, నోటి దగ్గర పెట్టి ఊది, మళ్లీ పెట్టింది. అప్పుడూ కాలింది. చల్లని చేతికి అందరూ వేడిగా తగులుతారు. మరి వేడి చేతికి? పొద్దున గిన్నెలో ముంచిన చెయ్యి ఆమెకు గుర్తొచ్చింది.

“మాస్కు ఎక్కించు,” అంది మెల్లగా. “బాబాయ్, మీరూ.”

ఆమె మాస్కు దించకుండా అన్నది గనక తాతకు వినపడలేదు. “ఏంటి?” అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. ఆమె వెనక్కి జరిగింది. పట్టీ అల్లడం సగంలో ఆగిపోయింది.

ఇంటికి వెళ్లగానే బీరువా మీది డబ్బా దించారు. రెండో గీత రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇంతకాలం ప్రతి తుమ్ములో చూసిన గీత అసలుగా కనబడేసరికి ఆమె ఏడవలేదు, అరవలేదు. గది సర్దింది. నీళ్ల సీసా పెట్టింది. స్కూలుకు చెప్పింది. భర్త ఒక్క పరాచికమూ ఆడలేదు. అదే ఆమెను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

తాతకు ఫోనులో వినపడదు. ఆయన కోడలు తీసింది.

“మామయ్యగారు బానే ఉన్నారక్కా. దగ్గంటారా, అది ప్రతి చలికాలం ఉండేదే.”

“అలా అనకమ్మా. రేపొకసారి పుల్ల పెట్టించు. చెప్పానని కోప్పడకు.”

“మీ భయం గురించి మామయ్యగారు రోజూ చెప్పి నవ్విస్తుంటారు,” అంది కోడలు మంచిగానే. “చూద్దాంలెండి.”

చూడటం ఆలస్యమైంది. పిల్లకు జ్వరం తగ్గి ఆకలి పుట్టే రోజుల్లో తాతను ఆసుపత్రికి తీసుకెళ్లినట్టు స్కూలు డ్రిల్లు మాస్టరు చెప్పాడు. ఆ మాస్టరు నుంచే మళ్లీ ఫోను వచ్చినప్పుడు ఆమె మాస్కులు మరగబెడుతోంది. భర్త తీసి, విని, “అలాగేనండీ,” అని పెట్టేశాడు. వచ్చి పొయ్యి కట్టేశాడు. గిన్నెలో నీళ్లు కాసేపు తమంతట తామే మరిగి ఊరుకున్నాయి. గది తలుపు అవతల పిల్ల వింటోందని ఇద్దరికీ తెలుసు. ఆ రోజూ, ఆ తర్వాతా, పోయిన తాత గురించి పిల్ల ఏమీ అడగలేదు. అన్నం పెడితే తింది. పుస్తకం తెరిచి పెట్టుకుంది.

స్కూలుకు తిరిగి వెళ్లిన పొద్దున ఇద్దరూ చిన్న తలుపు దగ్గర ఆగారు. దాన్ని తీసేవాళ్లు లేరు. పెద్ద గేటు ఓరగా తెరిచి ఉంది. లోపలికి వచ్చాక ఆయా బల్ల సొరుగులోంచి మిషను తీసి, మొదటిసారి కూతురి నుదుటికి గురిపెట్టింది. అంకె మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం పెట్టలేదు. చేతిని ఎక్కడ ఉంచుకోవాలో తెలియనట్టు కొంగులో దాచుకుంది.

చాలా రోజులుగా లోపల తిప్పుకుంటున్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

“ఆ రోజు పొద్దున్నే ఆయన దగ్గాడు, నీకు గుర్తుందా? మనం రాగానే. టీ అడ్డం పడిందన్నాడు. ఆయనకే ముందొచ్చి ఉంటుందే. నువ్వు రోజూ ఆ గదిలోనే కూర్చుంటావు కదా. ఆయన దగ్గర్నుంచే నీకొచ్చి ఉంటుంది.”

పిల్ల నేల చూస్తోంది.

“పొద్దున నీకేం లేదుగా? నేను చెయ్యి పెట్టి చూశానుగా?”

లోపల ఎవరో నీళ్లు చల్లి ఊడుస్తున్నారు. చీపురు ఒక గది ముందు ఆగి, మళ్లీ ఇంకో గది ముందు మొదలైంది. మొదటి పిల్లలు వీధి మలుపు తిరుగుతూ కనిపించారు. ఆయా మిషనును కొంగుతో తుడిచింది, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. కాదా అని ఇంకోసారి అడగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. పిల్లలు గేటు దగ్గరికి వచ్చేస్తున్నారు.

“ముందు రోజు రాత్రి నుంచే ఉందమ్మా,” అంది కూతురు. “ఒకటే చలి. పొద్దున నీ చెయ్యి వెచ్చగా తగిలితే హాయిగా ఉంది. చెప్తే తీసేస్తావని చెప్పలేదు.”

గేటు గది ముందు తాత కుర్చీ గోడకు ఆనించి ఉంది. దాని చట్రానికి సగం చుట్టిన నల్లటి ట్యూబు పట్టీ, పిల్ల పట్టుకున్న కొస, నేల దాకా వేలాడుతోంది.