నక్కదొర వచ్చిన సోమవారం

సాయంత్రం ఐదయ్యేసరికి వెంకటనర్సమ్మ కొంగుతో టీవీ అద్దం తుడిచి, స్విచ్ వేసి, మంచం మీద కాళ్లు ముడుచుకొని కూర్చుంటుంది. అది వెనక గూను ఉన్న పాత డబ్బా టీవీ. గోడకు తగిలించే సన్నటి టీవీ కొందామని కోడలు రేణుక చాలాసార్లు అంది. అంత సన్నటి దాంట్లో పాపం బొమ్మలు ఎక్కడ మసలుతాయని అత్త అడ్డం కొట్టింది.

ఐదింటికి ఆమె చూసేది పిల్లల బొమ్మల ఆట. ఎవరో ఎక్కడో చేత్తో గీసిన బాగా పాత ఆట, ఇప్పుడు తెలుగు మాటలు పెట్టి రోజూ వేస్తున్నారు. గొడుగు పట్టుకొని తిరిగే ఒక కోడి, కళ్లజోడు పెట్టుకున్న ఒక గాడిద అందులో ముఖ్యులు. మధ్యలో కరెంటు పోతే, ఆ క్షణాన ఆ డబ్బా టీవీ తెరమీద ఎవరుంటే వాళ్లు బయటికి దిగి, కరెంటు వచ్చేదాకా ఇంట్లో కూర్చుంటారు. బచ్చన్నపేటకు ఇవతల ఉన్న ఆ ఊళ్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. కోడికి గుప్పెడు మక్కలు వేయడం, గాడిదకు బకెట్లో నీళ్లు పెట్టడం రేణుక పని. రెండూ పుస్తకాల్లోని తెలుగు మాట్లాడేవి. వెంకటనర్సమ్మకు అది సగమే అర్థమయ్యేది, అయినా పద్ధతి గల పిల్లలని మెచ్చుకునేది. కరెంటు రాగానే అవి లోపలికి పోయేవి, ఆట ఆగిన చోటి నుంచే మళ్లీ సాగేది. ఒకసారి గాడిద తన కళ్లజోడు మంచం మీద మరిచిపోయి, మర్నాడు కరెంటు పోయేదాకా లోపల గోడలకు గుద్దుకుంటూ తిరిగింది. ఆ రాత్రి వెంకటనర్సమ్మ సరిగ్గా అన్నం తినలేదు.

కరెంటు పోతే ఊరంతా కలిసి తిట్టేది రేణుక భర్త ఎల్లేశ్‌ను. అతను అక్కడి లైన్‌మన్. ఎక్కడ తీగ తెగినా బండి వెనక వెదురు నిచ్చెన కట్టుకొని బయల్దేరతాడు. వెనక వచ్చే వాళ్లకు కనిపించాలని నిచ్చెన కొసకు రేణుక పాత ఆకుపచ్చ చీర పీలిక ఒకటి కట్టి ఉంటుంది. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను బందు చేయించుకోవాలి. వాళ్లు చేశామని చెప్పాకే ఎక్కాలి. దాన్ని ఎల్‌సీ తీసుకోవడం అంటారు. పెళ్లైన కొత్తలోనే ఎల్లేశ్ ఈ సంగతి భార్యకు చెప్పాడు. అప్పటినుంచి రేణుకకు ఒక అలవాటు పడింది. అతను పనిమీద బయటికి పోతే ఆమె చూపు ఇంట్లో ఫ్యాను మీదే ఉంటుంది. ఫ్యాను ఆగిందంటే లైను బందయింది, మొగుడు క్షేమం. ఊరంతా ఉక్కపోతకు విసుక్కుంటుంటే రేణుక ఒక్కతే హాయిగా ఊపిరి పీల్చుకునేది.

ఇలా నడుస్తుండగా టీవీలో ఒక ప్రకటన మొదలైంది. సోమవారం నుంచి ఆటలోకి కొత్తగా ఒక దొంగ వస్తున్నాడట. అతని పేరు నక్కదొర. ప్రకటనలో ఒక పొడుగు నల్లటోపీ, రెండు మీసాలు, ఒక నవ్వు తప్ప ఇంకేమీ చూపించలేదు. ఆ నవ్వు వింటే రేణుకకు చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఎదురింటి శ్రీలత బిడ్డ బడిసంచి మీద అదే టోపీ, అవే మీసాలు ఉన్నాయి. లోకమంతా ఆయనంటే పడి చస్తుందని శ్రీలత చెప్పింది. అయితే ఆయన మొట్టమొదట వచ్చినప్పుడు చేసిన పని ఏమిటో ఎవరికీ తెలియదు.

ఆదివారం పొద్దున ఎల్లేశ్ ఇంటి ముందు పదిమంది పోగయ్యారు. అది పత్తి ఏరే కాలం. ఇళ్లన్నీ పత్తితో నిండి ఉన్నాయి, పెరళ్లలో కోళ్లున్నాయి. అందరికంటే పెద్దవాడు కొమురెల్లి కర్ర నేలకు ఆనించి నిలబడ్డాడు.

"దొర అన్న పేరే మంచిది గాదు ఎల్లేశా. ఉన్న దొరలను ఎల్లగొట్టనీకే మా నాయినలకు తల పానం తోకకొచ్చింది. ఇప్పుడు నీ ఇంట్లకెల్లి కొత్త దొర దిగుతడా?"

"టీవీ బందు పెట్టుకోరాదు వదినె" అంది శ్రీలత, రేణుకతో.

రేణుక నోరు తెరిచేలోపే వెంకటనర్సమ్మ లేచింది. "ఎందుకు బందు పెడ్త? మా ఇంటికొచ్చి మక్కలు తిన్న కోడి అది. దానికి ఆపద వచ్చేనాడే మొఖం తిప్పుకుందునా? మీ ఇండ్లల్ల గట్లనే చేస్తరా?"

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఐదింటి నుంచి ఐదున్నర దాకా కరెంటు పోకుండా చూడాలని అందరూ ఎల్లేశ్ మీద పడ్డారు. ఎల్లేశ్‌కు కాదనడం చేతకాదు. అడిగినవాళ్లకల్లా సరేనని, తర్వాత తల గోక్కునే రకం.

"పోనియ్య. మాట ఇస్తున్న" అన్నాడు.

వాళ్లు వెళ్లాక రేణుక మండిపడింది. "కరెంటు ఏమన్న నీ జేబుల ఉన్నదా మాట ఇయ్యనీకి?"

"అర్ధగంటనే గదనే. ఏమైతది?"

ఏమవుతుందో ఆమెకూ తెలియదు.

సోమవారం మధ్యాహ్నం నుంచే గాలి మొదలైంది. సాయంత్రానికి మబ్బు పట్టి నాలుగు చినుకులు కూడా రాలాయి. ఊళ్లోవాళ్లు కోళ్లను గంపల కింద మూశారు, పత్తి గదులకు తాళాలు వేశారు. అంత భయపడ్డ వాళ్లూ ఐదింటికల్లా వెంకటనర్సమ్మ ఇంట్లోనే చేరారు. చూడకుండా ఉండటం మాత్రం ఎవరివల్లా కాలేదు.

రేణుక గడపలో నిలబడింది. వీధి చివర పత్తి చేను గట్టు మీది స్తంభం అక్కడికి కనిపిస్తుంది. దాని నెత్తిమీద రెండు తీగలను కలిపే ముక్క ఒకవైపు ఊడి గాలికి ఊగుతోంది. స్తంభం కింద బండి ఆపి, ఎల్లేశ్ నిచ్చెన విప్పుతున్నాడు.

ఆమెకు విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ ముక్క తెగితే కరెంటు పోతుంది. దాన్ని బాగుచేయడానికి ఎల్‌సీ తీసుకున్నా కరెంటు పోతుంది. ఎటు చూసినా ఊరికి ఇచ్చిన మాట పోతుంది. కాబట్టి ఆ పిచ్చి మనిషి లైను బందు చేయించకుండానే ఎక్కబోతున్నాడు. చేతులకు తొడుగులు వేసుకుంటున్నాడు కూడా.

రేణుక వెనక్కి తిరిగి చూసింది. ఫ్యాను తిరుగుతోంది.

ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. బండి కవర్లోనే పెట్టి ఉంటాడు. "ఓ ఇగో! ఎక్కకు!" అని గొంతు చించుకొని అరిచింది. గాలి ఆ అరుపును గడప దాటకముందే కొట్టేసింది. సబ్‌స్టేషన్‌కు చేస్తే ఎవరో మాట్లాడుతున్నట్టు గుయ్‌మంది. ఎల్లేశ్ నిచ్చెన ఆనించాడు. తను ఇప్పుడు పరుగెత్తినా వీధి చివరికి చేరేసరికి అతను పైనుంటాడు. లోపల టీవీలో తలుపు కిర్రుమంది, ఆ నవ్వు వినిపించింది, పిల్లలు కెవ్వుమన్నారు. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. ఆ తిరిగే రెక్కలను చూస్తుంటే రేణుకకు మతి పోయింది. గోడ దగ్గరికి ఉరికి, ఇంటి మెయిన్ స్విచ్ కిందికి లాగేసింది.

ఫ్యాను ఆగింది. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ ఆమె గుండె కుదుటపడింది కూడా. అంతలోనే ఎదురుగా శ్రీలత ఇంట్లో బల్బు వెలుగుతూ కనిపించింది. ఆగింది తన ఇంటి కరెంటు ఒక్కటే. ఊరి తీగల్లో కరెంటు అలాగే ఉంది. ఇన్నేళ్లు లైన్‌మన్ పెళ్లాంగా ఉండి ఇంత తెలివితక్కువ పని చేశానా అనుకుంటూ ఆమె గోడకు ఆనుకుపోయింది.

ఇంట్లో అందరూ మంచం ముందున్న మనిషినే చూస్తున్నారు. పొడుగు నల్లకోటు, నల్లటోపీ, మీసాలు, వెనక కుచ్చుతోక. నక్కదొర టోపీ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అవ్వా, జర మంచినీళ్లియ్యరాదు" అన్నాడు. "గొంతు ఎండుకపోయింది. ఇయ్యాల్నే నా మొదటి దినం."

వెంకటనర్సమ్మ ముఖం విప్పారింది. "ఓరి! గీనె మనోడే!"

ఆటకు తెలుగు మాటలు పెట్టినవాళ్లు కోడికీ గాడిదకూ పుస్తకాల భాష ఇచ్చి, దొంగకు వీళ్ల భాష ఇచ్చారు. ఇది ఈ ప్రాంతంవాళ్లకు కొత్తేమీ కాదు, సినిమాల్లో ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదే. కానీ దానివల్ల దొంగకు కూర్చోమని పీట దొరకడం మాత్రం మొదటిసారి. కొమురెల్లి స్వయంగా జరిగి చోటిచ్చాడు.

రేణుక జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "నువ్వు దొంగవేనా?"

"అట్లనే అన్నరక్కా. ఇంక ఏం దొంగతనం జెయ్యలె. తలుపు తెరిచి నవ్వుడుకాన్నే ఆగింది."

"ఉరుకుడు వస్తదా?"

"గదొక్కటే మంచిగొస్తది."

ఆమె అతని కోటు చెయ్యి పట్టి గడప దాకా గుంజుకొచ్చింది. "గా నిచ్చెన అవుపడ్తున్నదా? కొసకు ఆకుపచ్చ పీలిక కట్టున్నది సూడు. పో, దొంగతనం చేసుకరా."

నక్కదొర కళ్లు చికిలించి చూశాడు. "దాని మీద మనిషున్నడు గదక్కా."

"మనిషున్నడనే చెప్తున్న! పో!"

అతని కాళ్లు కనిపించలేదు. వీధి పొడవునా దుమ్ము లేచింది, గంపల కింది కోళ్లు గోల చేశాయి. నాలుగో మెట్టు మీద ఉన్న ఎల్లేశ్ కాళ్ల కింద నుంచి నిచ్చెన మాయమైంది. అతను పక్కనే కుప్పపోసిన నిరుటి పత్తికట్టె మీద పడి, ఒళ్లంతా గీరుకుపోయి లేచాడు.

"ఎవడ్రా నా నిచ్చెన ఎత్తుకపోయింది!" అంటూ వీధిలోకి నాలుగడుగులు ఉరికాడు.

అతని వెనక ఊగుతున్న తీగముక్క గాలికి విసురుగా లేచి, స్తంభం మీది ఇనుప పట్టీకి తగిలింది. నీలం మంట ఒకటి లేచింది. పిడుగు పడ్డట్టు చప్పుడైంది. ఊళ్లోని బల్బులన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

ఎల్లేశ్ వెనక్కి తిరిగి ఆ పట్టీని చూశాడు. తను చేతులు పెట్టాల్సింది సరిగ్గా అక్కడే. రోడ్డు మీదే కూర్చుండిపోయాడు. రేణుక వచ్చి వీపు మీద రెండు దెబ్బలు వేసి, ఆ వీపునే కావలించుకొని ఏడ్చింది.

"ఊరికి ఇచ్చిన మాటే కనవడ్డదా నీకు? నేను కనవడలేదా?"

ఎల్లేశ్ లేచి బండి కవర్లోంచి ఫోన్ తీశాడు. సబ్‌స్టేషన్‌కు చేసి ఎల్‌సీ తీసుకున్నాడు. ఒకటికి రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు. కొమురెల్లి ఇంటి నుంచి వేరే నిచ్చెన తెప్పించుకొని మునిమాపుకల్లా పని ముగించాడు.

అప్పటిదాకా నక్కదొర వెదురు నిచ్చెన ఒళ్లో అడ్డంగా పెట్టుకొని పీట మీద కూర్చున్నాడు. రేణుక చాయ పోసి ఇచ్చింది. శ్రీలత బిడ్డ తన బడిసంచి తెచ్చి, దానిమీద అతని బొమ్మ చూపించింది. అతను ఆ బొమ్మను చాలాసేపు చూశాడు, నమ్మినట్టు మాత్రం లేదు.

ఎల్లేశ్ ఇంటికొచ్చి ఎదురుగా నిలబడ్డాడు. నక్కదొర కంగారుగా లేచాడు.

"అన్నా, ఏమనుకోకు. నా మొదటి దొంగతనం గిదే. వాపస్ ఇస్తే నా నౌకరి ఉండదు."

"తీస్కపోరా తమ్మీ" అన్నాడు ఎల్లేశ్. "నీదే అది."

రేణుక మెయిన్ స్విచ్ పైకి వేసింది. నక్కదొర టోపీ పెట్టుకొని, నిచ్చెన భుజాన వేసుకొని లోపలికి దిగాడు. ఆట తలుపు దగ్గరి నుంచే సాగింది. కోడి తన ఇంటి ముందు స్తంభం మీద దీపం పెట్టుకుంది. దాన్ని కాజేయడానికి నక్కదొర నిచ్చెన ఆనించాడు. కొసకు ఆకుపచ్చ పీలిక గాలికి ఊగుతోంది. మెట్టు మెట్టుకూ ఆగి చూస్తూ పైకెక్కి, తీగ పట్టుకున్నాడు.

తెరంతా నీలంగా వెలిగింది. నక్కదొర ఒళ్లంతా వణికి, లోపలి ఎముకలన్నీ కనిపించి, మీసాలు నిక్కబొడుచుకున్నాయి. మాడిన కట్టెలా నిచ్చెన మీద నుంచి ధబ్బున కిందపడ్డాడు. పిల్లలు పొట్టలు పట్టుకొని నవ్వారు. కొమురెల్లికి నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. గడపలో నిలబడ్డవాళ్లు కూడా పడిపడి నవ్వారు.

రేణుక నవ్వలేదు. ఆమె చేయి చీకట్లో ఎల్లేశ్ చేతిని వెతికి పట్టుకుంది. ఆ చేయి వెచ్చగా ఉంది. అతను తెరమీది నుంచి చూపు తిప్పడం లేదు, చెంపలు మాత్రం తడిసిపోయాయి.

తెరమీద నక్కదొర లేచి కూర్చున్నాడు. ఒంటిమీది మసి దులుపుకొని, టోపీ సరిచేసుకొని, నిచ్చెన మళ్లీ భుజాన వేసుకొని కుంటుతూ వెళ్లిపోయాడు.

"రేణుకా" అంది వెంకటనర్సమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "ఈపారి గాయిన వస్తే చేతులకు జర వెన్న రాయి బిడ్డా. మస్తు కాలినయి."