అడుగు లేని గోనెసంచి

నేను ఒక గోనెసంచిని. పుట్టింది బెంగాల్లో, గంగ ఒడ్డున ఉన్న జనపనార మిల్లులో. నా తోటివాళ్లంతా ధాన్యం మోశారు, ఉప్పు మోశారు. నేను మాత్రం కొన్నాళ్లు గాలి మోశాను. బరువులన్నిటిలోకీ అదే కష్టమని నా అనుభవం.

ఓడెక్కి కాలిఫోర్నియా చేరి, వరి పండించే కొరియావాళ్ల చేతిలో పడ్డాను. అప్పట్లో వాళ్ల దేశం జపాను చేతికింద ఉంది. కూలికని సముద్రం దాటినవాళ్లు, చెరుకు నరికి, వరి కోసి, కాస్త నిలదొక్కుకోగానే ఒక వింత పని చేశారు. విమానం నడపడం నేర్పే బడి పెట్టారు. వరిమళ్ల మధ్య చదును చేసిన నేల, ఒకే ఒక్క విమానం, ఫ్లెచర్ అనే అమెరికన్ గురువు. నేర్చుకున్నవాళ్లు వెళ్లి దేశాన్ని విడిపిస్తారట. ఆ సముద్రం ఎంతుందో చూసినదాన్ని నేను. అయినా నవ్వబుద్ధి కాలేదు.

ఆ విద్యార్థులకు వండిపెట్టే ఇల్లాలు ఓక్‌బున్. ఆమె భర్త తేసుక్ ఆ పొలం కౌలురైతు. పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఆమె కళ్లు మూసుకుని ప్రార్థించి, ఒక చెంచాడు తీసి నాలో వేసేది. అది బడి వాటా. మన ఇళ్లలో దేవుడి పేర పిడికెడు తీసిపెట్టరూ, అలాగే. చుట్టుపక్కల కొరియా ఇళ్లన్నీ తీసిన ఆ చెంచాలే విమానానికి పెట్రోలయ్యాయి.

ఒక సాయంత్రం ఈదురుగాలికి మైదానంలోని గాలిసంచి చిరిగి ఎటో కొట్టుకుపోయింది. గాలి ఎటు వీస్తోందో పైనున్నవాడికి చూపించే గుడ్డ గొట్టం అది. విమానం గాలికి ఎదురుగా దిగాలి. గాలి వెనకనుంచి తోస్తే ఆగక వెళ్లి మడి నీళ్లలో పడుతుంది. తెల్లవారితే తేసుక్ తమ్ముడు దోక్‌సు మొదటిసారి ఒంటరిగా ఎగరాలి.

"వదినా, ఒక సంచి కుట్టిపెట్టవూ? పైన నాకు దారి చెప్పేవాళ్లెవరూ ఉండరు."

"నేలమీదే నీకు దారి సరిగా తెలీదు. ఆకాశంలో ఎవరినడుగుతావులే!"

"అందుకేగా నిన్నడుగుతున్నది."

ఆమె నన్ను ఖాళీ చేసి, మూతికి తీగచుట్ట బిగించింది. అడుగున ఒక కుట్టు వదులైందని చూసి రెండు వరసలు గట్టిగా కుట్టింది. గాలిసంచి రెండో కొస తెరిచి ఉండాలని ఆమెకెవరూ చెప్పలేదు. అన్నం తినే ఇంట్లో అడుగు లేని సంచి ఉంటుందా? మగవాళ్లంతా ఇంజను చుట్టూ మూగారు. నావైపు చూసినవాడు లేడు.

పొద్దున్నే నన్ను తాడుతో స్తంభం పైకి లాగారు. దోక్‌సు ఎగిరాడు. గాలి నా మూతిలో దూరిందేగాని బయటికి పోయే దారి లేదు. ఉబ్బిపోయి గిరగిరా తిరిగాను. ఒకసారి తూర్పన్నాను, ఒకసారి పడమరన్నాను. అతను కిందికి దిగబోయి, నన్ను చూసి, మళ్లీ పైకి లేచాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ లేచాడు. ట్యాంకులో పెట్రోలు ఎంతసేపుంటుంది?

"చివర తెరవండి! దాని చివర మూసేసి ఉంది!" అని ఫ్లెచర్ కేకపెట్టాడు.

ఓక్‌బున్ పరుగున వచ్చి తాడు వదిలి నన్ను దింపింది. నడుముకున్న కొడవలి తీసింది. తీసి, ఆగింది. బియ్యం సంచి అడుగు కోస్తే ఇంట్లో అన్నం నిలవదని ఆమె పుట్టింటి మాట. "ప్రభువా, తప్పయితే నామీదే వెయ్యి" అని ఒక్క కోత కోసింది.

నన్ను మళ్లీ స్తంభం పైకి లాగారు. ఈసారి గాలి ఇటు వచ్చి అటు వెళ్లిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చాచిన చెయ్యిలా తిన్నగా నిలబడ్డాను. దోక్‌సు చుట్టు తిరిగి, గాలికెదురుగా దిగి, గట్టుకు ఇవతలే ఆగాడు.

"మొదట నీ సంచికి పిచ్చెక్కిందేం వదినా?"

"నీకు అన్నం పెట్టీ పెట్టీ, సంచంటే అడుగుండాలనుకున్నాను!" అందామె. నవ్వుతూనే కొంగులాంటి పైగుడ్డతో కళ్లు తుడుచుకుంది.

ఆ శరదృతువులో వానలు కుండపోతగా కురిసి కోతకొచ్చిన వరి మునిగింది. మరుసటి ఏడు బడి మూతపడింది. విమానం అమ్మేశారు. సముద్రం దాటి ఎగిరినవాడు ఒక్కడూ లేడు.

"నేను అడుగు కోసినందుకేనంటావా?" అని, పంట మునిగిన ఆ రోజుల్లోనే ఓక్‌బున్ భర్తను అడిగింది.

కుళ్లిన వరి దుబ్బులు నీళ్లలోంచి లాగుతూ తేసుక్ అన్నాడు: "ఊరంతటి వాన నీ కొడవలి కోసం కురిసిందా? తప్పు నీమీద వెయ్యమని ప్రభువును అడిగావు, ఆయన వెయ్యలేదు. పద, ఆకలేస్తోంది."

అన్ని చెంచాల ప్రార్థన ఏమైపోయిందని నేనూ అనుకుంటూ ఉంటాను. దేవుడి లెక్క గోనెకేం తెలుస్తుంది? నాకు తెలిసింది ఒకటే. ఆ రోజు దోక్‌సు ఇంటికొచ్చి, మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

ఇప్పుడు ఒక చిన్న ఊరి మ్యూజియంలో, అద్దం వెనక హాయిగా ఉన్నాను. నా కింద చీటీ: "పాత ధాన్యపు సంచి. అడుగు చిరిగింది." చూసినవాళ్లు అయ్యో అనుకుంటూ వెళ్తారు.

చిరగలేదు బాబూ. ఒక వదిన కోసింది.