బొత్తాం ఎవరు పెట్టాలి?

పొద్దున్న బడి బస్సు వచ్చే వేళకు ఏ ఇంట్లోకైనా ఒకసారి తొంగి చూడండి. ఒకరు బిడ్డ నోట్లో ముద్ద కుక్కుతుంటారు, ఒకరు బూట్లు తొడుగుతుంటారు, ఒకరు జడ లాగుతుంటారు. బిడ్డ మాత్రం ఏ పనీ లేని పెద్దమనిషిలా మధ్యలో నిలబడి ఉంటుంది. ఎంత ప్రేమో అని మనం ముచ్చట పడతాం. బుజ్జమ్మ ఇంట్లోనూ రోజూ ఇదే జరిగేది.

బుజ్జమ్మకు ఆరేళ్లు. తెలివికేం కొదవ లేదు, మాటకు ముందు నవ్వుతుంది. వేళ్లలోనే పట్టు లేదు. పెన్సిలు పట్టుకుంటే జారిపోతుంది, చెంచా నోటిదాకా రాకముందే ఒలికిపోతుంది, ఇక బొత్తాల సంగతి సరేసరి. "పై తరగతిలో ఆయా ఉండదమ్మా. తన బట్టలు తను వేసుకోలేకపోతే, బాత్‌రూముకి తను వెళ్లి రాలేకపోతే వచ్చే ఏడు మేం తీసుకోలేం" అని బడి పెద్ద మేడం తేల్చి చెప్పేసింది. ఆనాటి నుంచి తల్లికి కంటి మీద కునుకు లేదు.

ఆ తల్లి బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ చేస్తుంది. రోజంతా నిలబడే పని. ఇల్లు చేరేసరికి కాళ్లు పీకేస్తుంటాయి. అయినా బతిమాలి అనుమతి తెచ్చుకుని వారానికోసారి బిడ్డను, చేతివేళ్లకు పట్టు వచ్చేలా కసరత్తులు చేయించే థెరపీ మేడం దగ్గరకు తీసుకువెళ్లేది.

"నా దగ్గర ఉండేది కాసేపే. అసలు పని ఇంట్లోనే జరగాలి" అంది మేడం. "బట్టల క్లిప్పులు ఒత్తి తాడుకు పెట్టించండి. తడిగుడ్డ పిండించండి. పెద్ద పూసలు గుచ్చించండి. చొక్కా బొత్తాలు తన చేతే పెట్టించండి."

పగటి పనులు అత్తగారికి, పూసలు భర్తకు అప్పగించి, బొత్తాలు తన వంతు అనుకుంది తల్లి. సాయంత్రం వచ్చి చూస్తే తాడు నిండా క్లిప్పులు, దారం నిండా పూసలు ఉండేవి. అవి చూసి సగం అలసట మరిచిపోయేది.

కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు థెరపీ మేడం బిడ్డకు ఒక చొక్కా తొడిగి, "బొత్తాలు పెట్టుకో బంగారం" అంది. బుజ్జమ్మ ఆమె దగ్గరగా జరిగి, గడ్డం పైకెత్తి, చేతులు రెండూ పక్కకు చాపి బుద్ధిగా నిలబడింది. అంతే, ఇంక కదల్లేదు. తల్లికి తల కొట్టేసినట్టయింది.

"వేళ్లలో పట్టు ఏమీ పెరగలేదమ్మా. ఇంట్లో ఎవరు చేయిస్తున్నారు?" అని మేడం మెల్లగా అడిగింది.

ఇంటికి వస్తూనే తల్లి నిలదీసింది. "అత్తయ్యా, నిజం చెప్పండి. ఆ క్లిప్పులు ఎవరు పెడుతున్నారు?"

అత్తగారు నీళ్లు నమిలింది. "వేళ్లు నొప్పి నానమ్మా అంటుంది. కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. నా ప్రాణం ఒప్పుకోదమ్మాయ్. ఒకటో రెండో దానిచేత పెట్టించి, మిగతావి నేనే పెట్టేస్తున్నా."

"మరి పూసలు?"

భర్త టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "అది ఒక్క పూస గుచ్చేలోపు వార్తలన్నీ అయిపోతాయి. నేనే గుచ్చేశాను. ఆటలకి ఇంత రాద్ధాంతం దేనికి?"

"ఆటలా? రేపు బడివాళ్లు గెంటేస్తే అప్పుడు తెలుస్తుంది ఆటలో కాదో! ఒక్కదాన్ని ఎన్నని చావను?" అంది. గట్టిగా అరుద్దామనుకుంది గాని, అరిచే ఓపిక కూడా లేదు. అంట్ల గిన్నెలు ముందేసుకుని కూర్చుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్న వీధిలో బస్సు హారన్ మోగింది. తల్లి గబగబా బుజ్జమ్మ చొక్కాకు మూడో బొత్తాం పెడుతూ, ఎందుకో తన వేళ్ల వంక చూసుకుంది. చేతులు అక్కడే ఆగిపోయాయి. బొత్తాలు తన వంతు అనుకున్నది, ఒక్కరోజైనా బిడ్డకు వదిలిందా? అత్తగారిది జాలి, ఆయనది బద్ధకం, తనది తొందర. పేర్లు వేరైనా ముగ్గురూ చేసింది ఒకటే.

పెట్టిన బొత్తాలన్నీ విప్పేసింది. "నువ్వు పెట్టుకో తల్లీ."

"నాకు రాదు."

"రాకపోతే రానీ. నేనిక్కడే కూర్చుంటా."

అత్తగారు చెయ్యి చాపింది. "బస్సు వెళ్లిపోతుంది అమ్మాయ్!"

"పోనివ్వండి అత్తయ్యా. ముట్టుకోకండి."

"నీ డ్యూటీ?" అన్నాడు భర్త.

"ఆలస్యమవుతుంది. వెళ్లి తిట్లు తింటాను. దాన్ని మీరు బడిలో దింపండి."

బస్సు వెళ్లిపోయింది. బుజ్జమ్మ ఏడ్చింది, కాళ్లు నేలకేసి కొట్టింది, మళ్లీ మొదలుపెట్టింది. చాలాసేపటికి ఒక్క బొత్తాం కాజాలో దూరింది. అదీ ఒక కాజా కిందకి. చొక్కా ఒక పక్కకు వంకరగా లేచింది. ఎవరూ సరిచేయలేదు. పిల్ల ఎవరి వంకా చూడకుండా రెండో బొత్తాం వెతుక్కుంటోంది.

భర్త లేచి టీవీ ఆపి, వచ్చి నేల మీద కూర్చున్నాడు. "పూసల దగ్గర కూడా ఇలాగే కూర్చుంటాలే" అన్నాడు.

అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "చేతకాదని ఇన్నాళ్లూ దానికి మనమే చేసిపెట్టాం. మనం చేసిపెట్టబట్టే అది నేర్చుకోలేదు" అంది.