తాబేటి వాగుకి అవతలి ఇల్లు

సోమవారం సెలూన్‌కి సెలవు. ఆ రోజు ఓరలీ గ్యాస్కిన్ ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, రెండు మొక్కజొన్న రొట్టెలు రుమాల్లో చుట్టుకుని జిల్లా కచేరీ నేలమాళిగలోకి దిగేది. అక్కడ తన పూర్వీకుల కోసం పాత రికార్డులు తిరగేయడం ఆమెకి పేలు చూడడం లాంటిదే. పాయ తర్వాత పాయ తీసుకుంటూ పోతే దొరక్కపోదని నమ్మకం.

చాలావరకూ దొరికింది కూడా. ఆమె తాతకి తాత గిడియన్, బానిసత్వం పోయాక కెంటకీ నుంచి భార్య టెంపెతో బయల్దేరి, కాన్సస్ బీడు నేలలో తాబేటి వాగు అవతల మట్టిపెళ్లలు పేర్చి ఇల్లు కట్టుకున్నాడు. వాళ్ల పెళ్లి ఏ చర్చిలో అయిందో, అతను సైన్యంలో ఏ దళంలో ఉన్నాడో, ఆమె ఏ యజమాని ఇంట్లో పుట్టిందో ఓరలీకి కంఠతా వచ్చు. ఆ మొగుడూ పెళ్లాలు వాగు అవతలి దిబ్బ మీదే నిద్రపోతున్నారు. సమాధుల మీది చెక్క గుర్తులు ఎప్పుడో చివికిపోయాయి.

ఇప్పుడు ఆ దిబ్బ మీదుగానే జిల్లావాళ్లు కొత్త రోడ్డు వేస్తామన్నారు. రోడ్ల కమిటీ పెద్ద గెర్హార్ట్ వీబీ చెడ్డవాడేం కాదు. పద్దెనిమిది వందల ఎనభై జనాభా లెక్కల్లో ఆ ఇల్లు కనబడితే రోడ్డు పక్కకి తిప్పిస్తానని మాటిచ్చాడు. కానీ ఆ లెక్కలు వాగుకి ఇవతలే ఆగిపోయాయి. లెక్కలు రాసే లెమ్యుయెల్ ప్రూడెన్ గారు ఆ జూన్‌లోనే జ్వరమొచ్చి పోయాడు మరి.

పోయినా ఆయన పని మానలేదు. ఏటా జూన్ రాగానే బూడిదరంగు కంచరగాడిద ఎక్కి ఊళ్లోకి వచ్చేవాడు. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎక్కడ పుట్టారు, చదువొచ్చా అని గుమ్మం గుమ్మంలో అడిగేవాడు. జనం చల్లటి నిమ్మరసం చేతికిచ్చి, జవాబు చెప్పి, మళ్లీ గడ్డి కోసుకోవడానికి వెళ్లిపోయేవాళ్లు. చివరికి వాగు గట్టు దాకా వెళ్లి, నీళ్లు చూసి వెనక్కి తిరిగేవాడు. ఆయన బతికుండగా అక్కడ వంతెన లేదు. అందుకని ఇప్పుడున్న వంతెన ఆయన కంటికి ఆనేది కాదు.

మే నెలాఖర్లో ఓరలీ వదిన వెర్లీన్ జుట్టుకి రంగు వేయించుకుంటూ ఆ సంగతి ఎత్తింది.

"నువ్వేమో కాగితాల్లో తలదూర్చి వెతుకుతావు. ఆ కాగితాలు రాసే ఆయన ఏటా నీ గుమ్మంలోకొస్తే నిమ్మరసం తాగించి పంపేస్తావు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది వదినా."

ఓరలీ చేతిలో బ్రష్షు అలాగే ఆగిపోయింది. వెర్లీన్ చెవి మీదికి రంగు కారింది.

జూన్ వచ్చింది. ప్రూడెన్ గారు గట్టు చేరేసరికి ఓరలీ తన అన్న చేపల పడవతో అక్కడ కాచుకుని ఉంది.

"అవతల ఇంకో ఇల్లుంది అయ్యా," అంది.

"ఉందని తెలుసమ్మా. పొగ కనబడుతూనే ఉంటుంది. దాటే దారేదీ?"

"పడవ తెచ్చాను."

ఆయన పడవని చూశాడు, గాడిదని చూశాడు. దీన్ని వదిలి ఎలా రానని నసిగాడు. ఓరలీ పగ్గం తీసి, తోడొచ్చిన వెర్లీన్ చేతిలో పెట్టింది. కుక్కపిల్లకే జడిసే వెర్లీన్, పగ్గం చివర మాత్రం రెండు వేళ్లతో పట్టుకుని, తన నోటి దురుసుని తనే తిట్టుకుంటూ నిలబడింది.

పుస్తకం తడవకుండా నెత్తిన పెట్టుకుని ప్రూడెన్ గారు పడవలో వాగు దాటాడు. దిబ్బ మీద మోకాలెత్తు గడ్డి తప్ప ఏమీ లేదు. అయినా ఆయన టోపీ తీసి, తగ్గుగా ఉన్న గుమ్మంలో దూరినట్టు తల వంచి లోపలికి వెళ్లాడు. ఓరలీ కూడా వంగే వెళ్లింది.

"ఇంటి యజమాని?"

"గిడియన్ గ్యాస్కిన్. ముప్పై నాలుగేళ్లు. వ్యవసాయం."

"భార్య?"

"టెంపె. ఇరవై తొమ్మిది."

"చదవడం వచ్చా?"

"ఆయనకి రాదు. ఆమెకొచ్చు. యజమానురాలి పిల్లలకి పాఠాలు చెబుతుంటే తలుపు వెనక నిలబడి నేర్చుకుంది."

ప్రూడెన్ గారు కలం ఆపి, ఎవరినో మెచ్చుకుంటున్నట్టు తలాడించి, మళ్లీ రాశాడు. ఆర్నెల్ల పసివాడు ఐజేయా, అంటే తన ముత్తాత, పేరు ఓరలీ అక్షరం అక్షరం పలికి రాయించింది. ఏళ్ల తరబడి కాగితాలని తను అడిగింది. ఇప్పుడొక కాగితం తనని అడుగుతోంది. ఒక్క ప్రశ్నకి కూడా తడుముకోలేదు.

ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని ఆయన అడిగితే లేరంది. ఆయన కళ్లజోడు మీదుగా ఆమెని ఓసారి ఎగాదిగా చూసి, ఇంకో వరస రాసి, పుస్తకం మూశాడు.

ఇవతలికొచ్చాక గాడిదనెక్కి ఊరివైపు తిరగలేదు. లెక్కలు అప్పజెప్పడానికి రాజధాని దారి పట్టి, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. పని ముగించుకున్న మనిషి తీరు అది.

వారం తిరక్కుండా వీబీ సెలూన్‌కి వచ్చాడు. లెక్కల చివరి పేజీలో గ్యాస్కిన్ కుటుంబం ఉందనీ, రోడ్డు తిప్పించేస్తాననీ చెప్పాడు. ఆ తర్వాత టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

"ఇంకో వరస కూడా ఉంది ఓరలీ గారూ. ఓరలీ, ఆడమనిషి, అరవై ఒకటి. ఇంటి యజమానికి ఇనిమనవరాలు. వృత్తి, జుట్టు దువ్వడం."

వెర్లీన్ పగలబడి నవ్వింది. "అయితే నీకిప్పుడు రెండొందలు దాటాయన్నమాట. ఇన్నాళ్లూ నన్ను పెద్దదాన్నంటూ ఏడిపించావు కదే!"

ఓరలీ నవ్వలేదు. కుర్చీలో కూలబడి, ఆ వరస ఇంకోసారి చదవమంది. వీబీ చదివాడు. మళ్లీ చదవమంది.

ఆ శరదృతువులో జిల్లా పండగకి తొలి కుటుంబాల ఫొటో తీశారు. ఎప్పటిలాగే తొలిగా వచ్చినవాళ్ల గుర్తుగా ముందు వరసలో ఖాళీ కుర్చీలు వేసి, వాళ్ల వారసులంతా వెనక సర్దుకున్నారు. ఓరలీ కూడా వెనక్కే నడవబోయింది. వీబీ ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపి, ముందు వరసలో ఒక కుర్చీ తుడిచి చూపించాడు.

"మీరక్కడ కాదండీ," అన్నాడు. "ఇక్కడ."