మొదటి వాక్యానికి ముందు

లక్ష్మీకాంత్ మాస్టారు నవలలో ఒక్క వాక్యం కూడా రాయలేదు. రాసే ముందు తేల్చుకోవలసినవి మాత్రం చాలావరకు తేల్చుకున్నాడు. ఊరు సత్తెనపల్లి దగ్గరిదే, పేరు మార్చాలి. కథ చెప్పేది భర్త, కథ భార్యది. చివరి అధ్యాయంలో ఆమె జ్వరంతో చనిపోతుంది. ముగింపు తెలియకుండా వ్యాసం మొదలుపెట్టవద్దని ఆయన బడిలో పిల్లలకు చెప్పేవాడు. ఈ నవల ముగింపు ఆయనకు తెలుసు. పోయిన వానాకాలంలో భార్య శ్రీరమ్య కన్నుమూసినప్పటి నుంచీ ఆయనకు గట్టిగా తెలిసింది అదొక్కటే.

రెండో శనివారం బడి లేదు. అత్తగారు కోటేశ్వరమ్మ చేలో మిరప కోతలు జరుగుతుంటే వెళ్లాడు. మంచు ఇంకా విడలేదు. ఎర్రటి కాయలు గాలిలో వాటంతటవే వేలాడుతున్నట్టున్నాయి. సాళ్లలో ఉన్న ఆడవాళ్లు కనబడరు, మాటలు మాత్రం దగ్గరగా వినిపిస్తాయి.

కోతల రోజుల్లో కూలీలు దొరకడం కష్టం. అందుకని ఆ చేలో కథ చెప్పడం ఒక అలవాటు. పొద్దున ఎత్తుకున్న కథను సాయంత్రం ఆటో వచ్చేవేళకు మంచి పట్టులో ఆపేస్తారు. మిగతాది వినడానికైనా మర్నాడు వాళ్లు ఇక్కడికే వస్తారు. పెళ్లయ్యాక కూడా సెలవురోజుల్లో వచ్చి శ్రీరమ్యే చెప్పేది. ఈ ఏడు ఎవరూ చెప్పడం లేదు.

"మాస్టారూ, పుస్తకం రాస్తన్నారంటగా," అంది పక్కసాలులోంచి, ఈ ఏడే కోతలకొచ్చిన రెబ్కా. "ఆ కథేదో చెప్పండి. ఊరికే కోస్తంటే నిద్రొస్తంది."

చెప్పాడు. మంచులో తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. అవతలి సాలులో గాజులు గలగలలాడుతున్నాయి. శ్రీరమ్య గాజుల చప్పుడే అనిపించింది. అటు చూడకుండా, తాను వేసుకున్న ప్రణాళిక ప్రకారమే చెప్పుకుపోయాడు. ఒక ఊళ్లో ఒకమ్మాయి ఉంటుంది, కథ చివర జ్వరమొచ్చి చనిపోతుంది, అక్కడికి చేరేలా మిగతాదంతా నడవాలి.

సాళ్లలో చేతులు ఆగిపోయాయి.

"అయిపోయిందా?" అంది రెబ్కా.

"ఇంకా మొదలుపెట్టలేదమ్మా. ముందు చివరిది అనుకుంటే..."

"బాగుంది సంబడం! చంపేశాక ఇంక రేపెందుకు రావాలండీ? పక్క చేలో అయితే టీలో అల్లమన్నా వేసిద్ది సుబ్బరావమ్మ."

అందరూ నవ్వారు. కోటేశ్వరమ్మ నవ్వలేదు. బుట్ట గట్టుమీద పెట్టి అల్లుడి దగ్గరికి వచ్చింది.

"ఎన్ని పేజీలు అల్లుడుగారూ మీ పుస్తకం?"

"మూడొందలు అవ్వొచ్చు అత్తయ్యా."

"మూడొందల పేజీలూ ఇప్పుడు పోయిద్దా, ఇంకాసేపటికి పోయిద్దా అని చదవాలా నేను? ఆసుపత్రి వరండాలో కూర్చున్నది చాల్లేదా?"

ఆయన కాయ కోయబోయి ఆగిపోయాడు. శ్రీరమ్య చావును కథలోంచి తీసేయవచ్చు. ఒక్క గీత గీస్తే పోతుంది. కానీ అప్పుడు ఆ పుస్తకంలో తిరిగేది ఎవరో వేరే మనిషి.

"పోలేదని రాయలేను అత్తయ్యా," అన్నాడు మెల్లగా. "అది మన రమ్య కథ కాకుండా పోతుంది."

కోటేశ్వరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. మంచు పలచబడి, చేను కొంచెం కొంచెంగా ఎరుపెక్కుతోంది.

"సరే, పోయింది పాపం," అంది రెబ్కా ఉండబట్టలేక. "ఇంతకీ ఎట్టాంటిదండీ ఆ పిల్ల? కోపిష్టా?"

లక్ష్మీకాంత్ తలెత్తి చూశాడు. ఆమె పోయిందని అందరికీ తెలుసు. అయినా అందరూ ఆయనవైపే చూస్తున్నారు. ఎవరికీ ఇప్పుడు ముగింపుతో పనిలేదు.

"అత్తయ్యా," అన్నాడు. "తను పోయిందన్న మాట మొదటి వాక్యంలోనే చెప్పేస్తాను. ఇంక పుస్తకమంతా తను బతికే ఉంటుంది."

"చివర్లో?"

"చివర్లో కూడా. ఏదో పనిలో ఉంటుంది."

కోటేశ్వరమ్మ రెబ్కావైపు తిరిగింది.

"కోపిష్టా అంటావేంటే! ఏడేళ్లప్పుడు పత్తి ట్రాక్టరెక్కి కూర్చుంది, తనూ సత్తెనపల్లి వచ్చిద్దంట. వాళ్ల నాన్న దింపబోతే పత్తిలోకి దూరింది. పైకి లేచేసరికి జుట్టంతా తెల్లగా, అచ్చం ముసల్దాన్లాగా..."

మాట మధ్యలో ఆపి ఒక కాయ తుంచింది.

"తీసుకెళ్లారా?" అన్నాడు లక్ష్మీకాంత్. ఈ సంగతి ఆయనకు శ్రీరమ్య ఎప్పుడూ చెప్పలేదు.

"ఏం చేస్తాం మరి? జుట్టు దులపనిస్తేగా! అట్టాగే బజారంతా తిరిగింది. జనం చూసి నవ్వుతుంటే, వాళ్లని చూసి ఇదీ నవ్వేది."

ఆయన కళ్లముందు తెల్లజుట్టు పిల్ల ఒకతి బజారు మధ్యలో నడుస్తోంది. చేతిలో కరిగిపోతున్న పుల్లఐసు. తొందరేమీ లేదు.