బీరువా మీద పేరు

"అన్నా, మీ దగ్గర బీరు... ఉండాదా? ఒకటి కావల్ల."

ఫోనులో ఆడమనిషి గొంతు. మధ్యలో గాలి హోరు. కుర్చీ కాలికి మేకు కొడుతున్న గురుస్వామి సుత్తిని గాల్లోనే ఆపేశాడు.

"ఏమ్మా, ఎవురికి చేసినావు ఫోను? బీరు ఈడ దొరకదు! పట్టపగలు ఆడమనిషివి, సిగ్గు లేదా?"

"అయ్యో రామా! బీరు కాదన్నా, బీరువా! బట్ట పెట్టుకునే బీరువా!"

గురుస్వామి నాలుక కరుచుకుని, ఆ వెంటనే గోదాము అదిరేలా నవ్వాడు. "అట్ల చెప్పు తల్లీ! బీరు తాగితే గంటలో దిగిపోతాది. బీరువా తరాలు నిలుస్తాది. యాడి నుంచి మాట్లాడతాండావు?"

ఎమ్మిగనూరు నుంచి. పేరు శివలీల. మగ్గం నేసే మనిషి.

కర్నూలులో ఒక పాత పత్తి గోదాములో నడుస్తున్న ఆ సంఘం పేరు 'కుదురు'. ఉన్నవాళ్లు వద్దనుకున్న మంచాలు, బల్లలు, కుర్చీలు తెచ్చి, బాగుచేసి, లేనివాళ్ల ఇళ్లకు చేర్చడం దాని పని. కుండకు కుదురు ఎట్లాగో, సంసారానికి సామాను అట్లా అని పెట్టిన పేరు. ఒకచోట కుదురుగా నిలవలేని గురుస్వామి మాత్రం ఇందులోనే కుదురుకున్నాడు. "కుర్చీ కోసం కొట్టుకునేవాళ్లు నాయకులు, కుర్చీని కొట్టి బాగుచేసేవాళ్లం మేము. మేకు మాకు, మంచం మీకు!" అని అరుస్తూ ట్రాలీ ఆటో నడిపేవాడు.

ఒకప్పుడు అతను కర్నూలంతా బోర్డులు రాసిన పెయింటరు. ఫ్లెక్సీలు వచ్చి అతని కుంచెకు సెలవిచ్చాయి. సంఘంలో చేరాక మళ్లీ పని దొరికింది. ఇచ్చే ప్రతి వస్తువు మీదా ఎర్రరంగుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో దాత పేరు రాసేవాడు. ఎవరూ రాయమనలేదు, వద్దనీ అనలేదు. మన అలవాటే అది కదా! గుడిలో ట్యూబులైటు కంటే దాని మీది పేరే ఎక్కువ వెలుగుతుంది. ఫ్యాను తిరిగితే గాలి కంటే ముందు దాత పేరు తిరుగుతుంది. పేరు చూసి నలుగురు ఇస్తారని గురుస్వామి నమ్మకం.

వాన కోసం మొగం వాచిన సీమలో, వచ్చిన వానతో కష్టపడిన ఇల్లు శివలీలది. మట్టిమిద్దె కారి, నేసి మడతపెట్టిన చీరల మీద ఎర్రనీళ్ల మరకలు పడ్డాయి. పడుగు నూలు ఇచ్చేది షావుకారు వీరేంద్ర. నేసిన చీర ఆయనకే ఇచ్చి కూలి తీసుకోవాలి. మరకలు చూసి ఆయన కూలి కోశాడు. "ఇంకోసారి బట్ట చెడితే పడుగు ఇయ్యను" అన్నాడు. భర్త బెంగుళూరులో కట్టడం పనికి పోయాడు. ఇంట్లో తనూ, అత్త బసమ్మా. ఆ ఇద్దరికీ తిండి పెట్టేది ఆ ఒక్క మగ్గమే.

అదే వారం గురుస్వామి బీరువా తెచ్చి దించాడు. తలుపు మీద ఎర్రగా 'దాత: ఉమామహేశ్వర, కర్నూలు' అని మెరుస్తోంది. శివలీల తలుపు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. చీర కొంగుతో అరలన్నీ తుడిచింది. బసమ్మ బీరువాకే దండం పెట్టింది.

"మాకు ఇంత మేలు ఎవురు చేస్తారు నాయనా! ఆ అప్ప సల్లగుండల్ల."

గురుస్వామి ఛాతీ ఉబ్బింది. దాతలో సగం తానేనన్నంత హుషారుగా తిరిగి వెళ్లాడు.

కొన్నాళ్లకు అదే వీధిలో ఇంకో ఇంటికి మంచం ఇవ్వడానికి వచ్చాడు. వీధంతా మగ్గాల టకటక. ఒక్క శివలీల ఇంట్లోనే చప్పుడు లేదు. లోపలికి తొంగిచూస్తే పడుగు లేని మగ్గం పడుకుని ఉంది. పొయ్యి దగ్గర బసమ్మ మోకాళ్ల మీద తల ఆనించుకుని కూర్చుంది.

"ఏమ్మా శివలీలా, మగ్గానికి సెలవా?"

"షావుకారు పడుగు ఇయ్యలేదన్నా."

"బట్ట మళ్లీ తడిసిందా?"

"లేదన్నా. మీ బీరువాలో సుక్క నీళ్లు పడలేదు." ఆమె కళ్లు బీరువా వైపు తిరిగాయి.

గురుస్వామీ అటు చూశాడు. తన అక్షరాల్లో 'దాత' అన్న మాట లేదు. అక్కడ రంగు గీకిన గుర్తులున్నాయి. 'ఉమామహేశ్వర, కర్నూలు' మాత్రం చెక్కుచెదరలేదు.

"ఎవురు గీకినారు?"

"నేనే అన్నా, కోపపడొద్దు. వీధిలో అందరికీ కొన్నామని చెప్పుకున్నాం. 'దాత' అని ఉంటే బిచ్చం తెచ్చుకున్నామంటారని కత్తితో గీకినా."

"గీకితే గీకినావు, పేరు యాలబ్బా వదిలిపెట్టినావు?"

"సాయం చేసినాయన పేరన్నా. దాని మీద కత్తి పెట్టేదానికి చెయ్యి రాలేదు."

మిగతాది బసమ్మ చెప్పింది. ఆ ఊళ్లో షావుకారు ఏ ఇంట్లో మగ్గం పెట్టినా, పెట్టె పెట్టినా దాని మీద తన పేరు రాయిస్తాడు. పేరు ఎవరిదో ఆ ఇంటి నేత వాళ్లది. చీరల కోసం వచ్చిన వీరేంద్ర బీరువా మీద కర్నూలు బట్టల వ్యాపారి ఉమామహేశ్వర పేరు చూశాడు. "ఓహో, కొత్త షావుకారును పట్టినారా? నా నూలు ఆయన బీరువాలోకి పోతాందా?" అని నేసిన చీరలు ఎత్తుకుని పోయాడు. ఆ మాట పాకి, ఊళ్లో మరే షావుకారూ వీళ్లకు పడుగు ఇవ్వలేదు.

"నిజం చెప్పొచ్చు కదమ్మా!"

"చెప్తే పరువు పోతాది. చెప్పకుంటే కూడు పోతాది. ఏం చెయ్యల్ల అన్నా?"

గురుస్వామి బీరువా దగ్గరికి వెళ్లి ఆ ఎర్రటి పేరును వేలితో తడిమాడు. ఆ అక్షరాల ఒంపులు చూసి తానెంత మురిసిపోయాడు! తన కుంచె పని ఒక మగ్గాన్ని ఆపింది.

మరునాడు అతను ఉమామహేశ్వర దుకాణానికి వెళ్లి అంతా చెప్పాడు. ఆయన నివ్వెరపోయాడు. "నా పేరు రాయమని నేను చెప్పినానా గురుస్వామీ? కొత్తింట్లో గోడ అలమార్లు వచ్చినాయి, ఆ బీరువా పాత ఇనుము కింద పొయ్యేది. పద, ఆటో తియ్యి. నేనూ వస్తా."

ఇద్దరూ శివలీల ఇంటి ముందు దిగి, వీరేంద్రకు కబురు పెట్టారు. ఆయన వచ్చేసరికి వీధి సగం అక్కడే ఉంది.

"వచ్చినాడప్పా కొత్త షావుకారు!" అన్నాడు వీరేంద్ర వెటకారంగా.

"నేను ఈ ఊళ్లో ఎవురికీ నూలు ఇయ్యలేదు వీరేంద్రప్పా." ఉమామహేశ్వర శివలీల ముఖం చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. "ఈ బీరువా ఆమెకు నేను అమ్మి..."

"అమ్మలేదు!"

అందరూ తిరిగారు. శివలీల గడప దాటి బయటకు వచ్చింది.

"ఆ అప్ప అమ్మలేదు, నేను కొనలేదు. మిద్దె కారి బట్ట చెడతాంటే, కర్నూలు సంఘానికి ఫోను చేసి అడిగినా. ఊరికే ఇచ్చినారు. 'దాత' అన్న మాట సిగ్గుతో గీకినా. పేరు గీకలేకపోయినా. దాన్ని చూసే షావుకారప్ప తప్పుగా అనుకున్నాడు. ఇచ్చినాయన చేత అబద్ధం చెప్పించి దక్కించుకునే పరువు నాకొద్దు."

వీధిలో ఎవరూ నవ్వలేదు. వీరేంద్ర తల వంచుకున్నాడు.

"మరక పడిందని కూలి కోసినా గానీ, మిద్దె కారుతాంటే బట్ట యాడ పెట్టుకుంటారని అడగలేదు. ఆ బట్ట నాది. బీరువా నేను ఇయ్యాల్సింది. రేపు పొద్దున్నే పడుగు పంపిస్తా శివలీలా. కోసిన కూలి కూడా."

ఆమె ఉమామహేశ్వరకు చేతులు జోడించబోయింది. ఆయన వారించాడు. "దండాలు నేను పెట్టల్లమ్మా. మా ఇంట్లో తుప్పు పడుతుండేదానికి నువ్వు పని కల్పించినావు."

ఈలోగా గురుస్వామి కిరసనాయిలు గుడ్డ తెచ్చి బీరువాను గట్టిగా రుద్దడం మొదలుపెట్టాడు.

"అన్నా, పేరు ఉండనీ!" అంది శివలీల. "నాకు గుర్తుంటాది."

"గుర్తు నీ మనసులో ఉంటే సాలు తల్లీ. తలుపు మీద ఉంటే దారిన పొయ్యే ప్రతోడూ సదువుతాడు."

"ఏమన్నా, అంత బాగుండే అక్షరాలు తుడిపేస్తాండావే!" అని పక్కింటివాళ్లు అడిగారు.

గురుస్వామి ఎర్రబారిన గుడ్డను వాళ్లకు చూపించి, వీధి చివరిదాకా వినిపించే గొంతుతో చెప్పాడు:

"వినండప్పా అందరూ! తప్పు ఈయమ్మది కాదు, షావుకారుదీ కాదు. ఈ రాత నాది! ఇచ్చినాక ఆ వస్తువు వాళ్లదే. దాని మీద ఇంకొకరి పేరు ఉంటే అది ఇచ్చినట్టు కాదు, వాళ్లింట్లో మన బోర్డు పెట్టినట్టు. సాయం అడిగినోళ్లకు సిగ్గెందుకు? సాయం చేసి సాటించుకునేవాళ్లకు ఉండల్ల సిగ్గు. పేరు కోసం చేసే దానం పేరుకే దానం!"